కోటీశ్వరుడికేమో సర్టిఫికెట్, పెన్షనర్‌కేమో ఒక సంతకం చాలా?

రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఓర్వకల్లులో ఎయిర్‌పోర్టు వచ్చాక మా కర్నూలు చుట్టూ ఏ రోడ్డు పట్టినా వెంచర్ బోర్డులే. ఊరు పెరుగుతోంది, సంతోషమే. నా ఫిర్యాదు ప్లాటు చూపించకుండా అమ్మేవాళ్ల మీద. "స్థలంతో మీకు పని లేదు సార్. పది లక్షలు పెట్టండి, నెలనెలా అద్దె వస్తుంది, మూడేళ్లకు మేమే బైబ్యాక్ చేస్తాం, అంటే తిరిగి కొనేస్తాం" అంటారు. చేతికిచ్చేది సర్వే నంబరు కూడా లేని ఎంఓయూ (ఉత్త అవగాహన ఒప్పందం) కాగితం. వలలో పడేది రిటైరైన టీచర్లు, ఆర్టీసీ డ్రైవర్లు. గ్రాట్యుటీ ఎప్పుడు పడుతుందో ఇంట్లోవాళ్ల కన్నా ఏజెంటుకే ముందు తెలుస్తుంది!

రిస్కు ఎక్కువున్న పెట్టుబడుల కోసం షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2021లో 'అక్రెడిటెడ్ ఇన్వెస్టర్' అనే గుర్తింపు సర్టిఫికెట్ తెచ్చింది, నష్టం తట్టుకోగల డబ్బున్నవాళ్ల కోసం. ఏటా 2 కోట్ల ఆదాయం ఉండాలి, లేదా 7.5 కోట్ల నికర ఆస్తి ఉండి అందులో కనీసం సగం షేర్లు, డిపాజిట్ల లాంటి ఆర్థిక ఆస్తులై ఉండాలి. కోటి ఆదాయం, 5 కోట్ల ఆస్తి కలిసి ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. ఆ సగం షరతు చూడండి. పొలాలు, ప్లాట్లు తప్ప ఇంకేమీ లేని మా జిల్లా భూస్వామి పది కోట్లున్నా ఈ లెక్కలో పాస్ కాడు. నష్టమొస్తే భూమిని రాత్రికి రాత్రి అమ్ముకోలేడు కదా. అమెరికాలోనూ ఆస్తి లెక్కన ఇలాంటి గుర్తింపు కావాలంటే సొంతిల్లు పక్కనపెట్టి 10 లక్షల డాలర్ల ఆస్తి చూపాలి. మా దగ్గర ఆ సొంతిల్లే తాకట్టు పెట్టించి డబ్బు కట్టించుకుంటున్నారు.

"ఇది రీట్ లాంటిదే" అని నమ్మబలుకుతున్నారు కూడా. రీట్ అంటే పదిమంది డబ్బు కలిపి అద్దె వచ్చే భవనాల్లో పెట్టి, ఆ అద్దెను పంచే పథకం. 2024లో సెబీ అనుమతించిన చిన్న రీట్‌లలోనూ కనీస పెట్టుబడి 10 లక్షలే, నిజమే. కానీ ఆ డబ్బులో 95 శాతం కట్టడం పూర్తయి అద్దె వస్తున్న ఆస్తుల్లోనే పెట్టాలి. కంకర కూడా పడని స్థలానికి ఆ పేరెలా పెడతారు?

సెబీ మీ చేతిలో లేదు, రియల్ ఎస్టేట్ అమ్మకాలను నియంత్రించే రెరా ఉంది. 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టును రెరాలో రిజిస్టర్ చేయకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. చట్టం వచ్చింది 2016లో. అయినా రెరా నంబరు లేని పాంప్లెట్లు మా ఇంటి గేటుకు వేలాడుతూనే ఉన్నాయి.

పాంప్లెట్ మీద ఫోన్ నంబరుంటుంది, ఏజెంటు ఫొటో ఉంటుంది. కేసు కట్టడానికి ఇంకేం కావాలి? కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ అధికారులను ఈ కాగితాలు ఏరమనండి. నెలనెలా రాబడి ఆశ చూపి డబ్బు వసూలు చేసేవాళ్లపై 2019 నాటి అక్రమ డిపాజిట్ల నిషేధ చట్టం కింద విచారణ జరిగేలా హోం శాఖకు రాయండి. ఆ చట్టంలో 2 నుంచి 7 ఏళ్ల జైలు ఉంది. తెలుగులో రాసిన రెరా ఫిర్యాదును కర్నూలులోనే తీసుకునే ఏర్పాటు చేయించండి. మోకాళ్ల నొప్పులున్న మనిషి విజయవాడ బస్సెక్కలేడు.

ఇట్లు,
కర్నూలు నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి