నాటేముందు ఒకసారి పైకి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంటి ముందు పామ్ చెట్ల అందం గురించి మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు ముచ్చటగా ఉన్నాయి. అయితే "ఒకసారి నాటితే చాలు, పెద్దగా చూసుకోవాల్సిన పనే లేదు" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. 18 ఏళ్ల కిందట ఇదే మాట విని మా వారు గేటుకు అటొకటి ఇటొకటి రాయల్ పామ్ మొక్కలు తెచ్చి నాటారు. అప్పటికవి నా మోకాలెత్తు. ఎంత ఎత్తు పెరుగుతాయని మేం అడగలేదు, ఇచ్చినవాళ్లూ చెప్పలేదు.

ఆ తర్వాత తెలుసుకున్నాను లెండి. రాయల్ పామ్ క్యూబా దేశపు జాతీయ వృక్షం. 20 మీటర్లు దాటి పెరుగుతుంది, వీలు కుదిరితే 30 మీటర్ల దాకా పోతుంది. విశాలమైన మైదానంలో దాని దర్జాయే వేరు. మా గేటు స్తంభాల మధ్య ఉన్న జాగా ఎంతంటే, కారు లోపలికి రావాలంటే అద్దాలు మడవాలి.

ఈ చెట్టు మట్టను ఎవరూ కోయనక్కర్లేదు, తనే రాల్చుకుంటుంది. దాన్నే సుగుణమని మీ వ్యాసం మెచ్చుకుంది. నిజమే, కానీ రాలేది వేపాకు కాదు. పొడవు నాలుగు మీటర్లు ఉంటుంది. మొదట్లో కాండాన్ని చుట్టుకుని ఉండే పచ్చటి డొప్పతో సహా ఊడి పడుతుంది. ఓసారి పాత సామాన్లు కొనే అతని తూకం మీద పెట్టించి చూశాం, 17 కిలోలు తూగింది. నెలకొకటి చొప్పున రాలుతుంది, ఏ పూట అన్నది దాని ఇష్టం. మొదటిసారి అర్ధరాత్రి రెండున్నరకు పడింది. గోడ కూలిందేమోనని లేచి పరుగెత్తాం. చూస్తే స్కూటర్ సీటు మీద వెల్లకిలా పడి ఉంది మట్ట. కుడివైపు అద్దం లేదు, గేటు మీది దీపం కూడా లేదు. పగలైతే అక్కడే మనవడు సైకిల్ తొక్కుతుంటాడు. ఆ మాట ఇద్దరం అనుకున్నాం గానీ, ఒకరికొకరం పైకి చెప్పుకోలేదు.

మట్ట పడబోతోందని ముందే కనిపెట్టవచ్చు. అన్నిటికన్నా కింది డొప్ప అంచు కాండం నుంచి వేలెడంత విచ్చుకుంటుంది. పచ్చదనం తగ్గి గడ్డి రంగుకు తిరుగుతుంది. ఆ సందులో చీకటి గీత కనిపిస్తే ఇక రోజుల్లో పని. పొద్దున్నే వాకిట్లోకి రాగానే తలెత్తి ఆ అంచు చూడటం నాకిప్పుడు అలవాటు. వీధిలో కొత్తవాళ్లు నేనేదో సూర్య నమస్కారం చేసుకుంటున్నాననుకుంటారు.

పడ్డాక ఇంకో పని మొదలు. చెత్త బుట్టలో పట్టదు. ఐదారు ముక్కలు చేయాలంటే ఈనె కత్తికి లొంగదు, రంపమే పట్టాలి. ఆకులు నూరే యంత్రంలో వేస్తే పీచు చుట్టుకుని అది కాస్తా ఆగిపోతుంది. ఎరువు గుంటలో వేస్తే ఏడాదైనా మట్ట మట్టలాగే ఉంటుంది. పోనీ ఓ మూల పడేద్దామా అంటే డొప్పలో వాన నీళ్లు నిలిచి వారం తిరిగేసరికి దోమపిల్లలు గింగిరాలు కొడుతుంటాయి. బోర్లా పడేయాలని నాకెవరూ చెప్పలేదు, కుట్టించుకుని నేర్చుకున్నాను.

ఇక మట్టలు కొట్టించడం. పెరట్లో ఒక కొబ్బరి చెట్టు ఉండేది, అదీ పామ్ జాతిదే. ఒకసారి ఎప్పుడూ వచ్చే మనిషి దొరక్క వేరే ఎవరినో పిలిచాం. అతను ఇనుప ముళ్ల బూట్లు వేసుకుని టకటకా ఎక్కేశాడు. నాకూ ముచ్చటేసింది. "అమ్మా, మళ్లీ మళ్లీ పిలవకుండా నాలుగు ఎక్కువే కొట్టేస్తాను" అని, పచ్చగా ఉన్న మట్టలు కూడా దించేసి, నెత్తిన పిలక మిగిల్చినట్టు చేసి వెళ్లాడు. చెట్టు శుభ్రంగా ఉందని సంతోషించాం. ఆ బూట్ల గుచ్చులు చివరిదాకా అలాగే ఉండిపోయాయి, వేలు పెడితే దిగేది. మామిడి కొమ్మ కొడితే చుట్టూ బెరడు కమ్ముకుని గాయం పూడుతుంది. ఈ జాతి చెట్లకు కాండాన్ని లావు చేసి గాయం పూడ్చే ఆ పొర ఉండదు. చిన్నప్పుడు పడిన గంటు చెట్టు పోయేదాకా ఉంటుంది.

పచ్చ మట్టలు తీయడం ఇంకా పెద్ద తప్పు. పొటాషియం చాలనప్పుడు చెట్టు దాన్ని కింది ముసలి మట్టల్లోంచి లాగి పైన వచ్చే లేత మట్టలకు పంపుకుంటుంది. అందుకే ముందు కిందివి పసుపెక్కుతాయి. చూడటానికి బాగాలేదని వాటిని కొట్టేస్తే ఆ లోటు పై వరసకు పాకుతుంది. అవీ పసుపెక్కుతాయి, అవీ కొట్టిస్తాం. మేం రెండేళ్లు ఇదే పని చేశాం. మట్ట పూర్తిగా ఎండి గోధుమ రంగుకు తిరిగి వేలాడేదాకా దాన్ని ముట్టుకోకూడదు. ఈ ఒక్క ముక్క మీ వ్యాసంలో ఉండుంటే నేనీ ఉత్తరం రాసేదాన్ని కాదేమో.

ఆ కొబ్బరి చెట్టు ఇప్పుడు లేదు. దాన్ని చంపింది మేమే. దాని మొదట్లోనే నా ఎరువు కుప్ప ఉండేది. పేడ, ఆకులు వేసి చాలా శ్రద్ధగా పెంచిన కుప్ప. తిరగేస్తే బొటనవేలంత లావున తెల్లటి పురుగులు కొడవలిలా ముడుచుకుని కనిపించేవి. వానపాముల్లాగే ఇవీ మేలు చేసేవే అనుకుని మళ్లీ ప్రేమగా కప్పెట్టేదాన్ని. అవి కొమ్ము పురుగు పిల్లలు. రెక్కలొచ్చి రాత్రిపూట పైకి ఎగిరి, విచ్చుకోని లేత ఆకును మొవ్వులోనే తొలిచేవి. నెలల తర్వాత ఆ ఆకు విచ్చుకుంటే, మడిచిన కాగితాన్ని కత్తెరతో మూలగా కోసినట్టు రెండు పక్కలా ఒకేలా కోతలు. మనవడు డిజైన్ బాగుందన్నాడు.

అసలు దొంగ తర్వాత వచ్చింది. కొమ్ము పురుగు చేసిన కన్నాల దగ్గరా, పచ్చి మట్టలు కొట్టిన గాయాల దగ్గరా ఎర్రముక్కు పురుగు గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు కాండం లోపలే ఉండి తింటాయి కాబట్టి బయటికి ఏమీ తెలియదు. ఒకరోజు మాను మీద చిన్న కన్నంలోంచి గోధుమ రంగు జిగురు కారుతూ కనిపించింది. పక్కనే నమిలి ఉమ్మిన పీచు. ఎప్పుడూ వచ్చే మనిషి మానుకు చెవి ఆనించి, నన్నూ పెట్టమన్నాడు. లోపల కరకర, ఎవరో తీరిగ్గా నములుతున్నట్టు. మొవ్వాకు పట్టుకుని లాగితే చేతిలోకి ఊడొచ్చింది, మొదలు కుళ్లి కంపు. "ఇక లాభం లేదమ్మా" అన్నాడు. ముందే చూసి ఉంటే కన్నంలోంచి పురుగును ఇనుప కొక్కెంతో లాగేవాడట. ఆకుల సందుల్లో వేపపిండి, ఇసుక కలిపి వేసినా కొంత కాపాడేదట. అన్నిటికన్నా ముందు ఆ ఎరువు కుప్ప అక్కడ ఉండకూడదు.

మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. పక్కనుంచి ఇంకో కొమ్మ రాదు, అది ఒంటి మొగ్గ చెట్టు. ఇది తెలియక మా వీధి చివర ఒకాయన, కరెంటు తీగలకు తగులుతోందని పామ్ తల కొట్టించాడు. చిగురిస్తుందని నాలుగు నెలలు నీళ్లు కూడా పోశాడు పాపం. వేప, కానుగ అయితే పైన కత్తిరిస్తే పక్కకు విస్తరిస్తాయి. పామ్‌కు ఆ వీలు లేదు. తీగల కింద నాటామంటే, నాటిన రోజే దాని చావుకు ముహూర్తం పెట్టినట్టు.

మీ వ్యాసంలో వేసిన మరో ఫొటో జీలుగు చెట్టుది. చేప తోకలాంటి ఆకులతో నిజంగా అందంగా ఉంటుంది. దాని పండ్ల గుజ్జు చేతికి తగిలితే తట్టుకోలేనంత దురద, లోపలంతా సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి. పైగా అది పై నుంచి కిందికి ఒక్కో గెల వేసుకుంటూ వచ్చి, చివరి గెల అయ్యాక ఎండిపోతుంది. పూత మొదలైందని సంబరపడేవాళ్లకు అది ముగింపు మొదలని ఎవరైనా చెప్పాలి. అలంకారానికి పెంచే పొట్టి ఖర్జూరాల మాటా అంతే. మట్ట మొదట్లోని ముళ్లు తోలు చేతి తొడుగుల్లోంచి కూడా దిగుతాయి. నడవా పక్కన, పిల్లలు ఆడేచోట వాటికి పనిలేదు.

వేయకూడని నింద వేయను. పామ్ వేళ్లు పునాదులు పగలగొడతాయని చాలామంది భయపెడతారు, మా వారూ అదే అనేవారు. మర్రి, రావి వేళ్లలా ఇవి ఏటేటా లావెక్కవు. పుట్టినప్పుడు ఎంత సన్నమో చివరిదాకా దాదాపు అంతే. 18 ఏళ్లలో మా గోడకు బీట రాలేదు. ఏడాది పొడవునా పచ్చగా ఉంటాయి, గాలికి ఊగుతుంటే ఇప్పటికీ కాసేపు నిలబడి చూస్తాను. నీడ మాత్రం అడగకండి, మిట్టమధ్యాహ్నం రెండు చెట్లవీ కలిపితే చాపంత.

కాబట్టి నా మనవి ఒకటే. ఇకమీదట ఏ పామ్ ఫొటో వేసినా కింద ఒక వరస చేర్చండి: పూర్తిగా పెరిగితే ఎంత ఎత్తు, మట్ట ఎంత పొడవు, అది తనే రాలుతుందా లేక ఎక్కి కోయించాలా, ముళ్లున్నాయా. మొక్కలు అమ్మేవాళ్లు కూడా కుండీకి ఆ చీటీ కడితే ఇంకా మంచిది. మోకాలెత్తు మొక్క చేతిలో ఉన్నప్పుడు ఆరేడంతస్తుల ఎత్తు ఎవరికీ ఊహకు రాదు. చెట్టెక్కే మనిషి ఈ మధ్య మోకాళ్ల నొప్పులంటున్నాడు. అతని కొడుకు ఆ పని నేర్చుకోలేదు. మా చెట్లు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి.

ఉత్తరం ఇంతటితో ఆపుతున్నాను. ఎడమవైపు చెట్టు డొప్ప అంచు నిన్న సాయంత్రం నుంచి విచ్చుకుంటోంది, స్కూటర్ పక్కకు జరపాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు