అమ్మాయిల చదువుకు ఉన్నది మీ డబ్బు ఒక్కటే

తెలంగాణ విద్యాశాఖ బాధ్యతలు చూస్తున్న మంత్రి గారికి నమస్కారం.

మా కాలేజీ ఫీజులు ప్రభుత్వం కట్టాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల గురించి ప్రజావాణిలో అర్జీ పెట్టాం, ఆఫీసుకు వెళ్లి అడిగాం. 'ప్రాసెస్‌లో ఉంది' అన్న మాట తప్ప జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

బకాయిలు అబ్బాయిలకూ ఉన్నాయి, కాదనను. కానీ ఆ దెబ్బ ఇంట్లో ఎవరి మీద పడుతుందో మీరు తెలుసుకోవాలి. మా అన్న బీటెక్ ఫీజు రాకపోతే నాన్న రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టి సర్టిఫికెట్లు విడిపించాడు. నా బీఎస్సీ ఫీజు రాకపోతే 'గవర్నమెంటు ఇచ్చేదాకా ఆగు బిడ్డా' అన్నాడు. నాన్న చెడ్డవాడు కాడు. నాకు మ్యాథ్స్‌లో మార్కులొస్తే ఊరంతా చెప్పుకున్న మనిషి. నేను లెక్చరర్ కావాలని ఆయనకూ ఉంది. కానీ కొడుకు చదువుకు చేసిన అప్పు కొడుకు జీతంతో తీరుతుందని ఆయన నమ్మకం. కూతురి కోసం అప్పంటే అది పెళ్లికే. రెండుసార్లు చేసే స్తోమత లేదు. మాలాంటి ఇళ్లలో అబ్బాయి చదువు ఆగిపోతుందంటే ఎక్కడో ఒకచోట డబ్బు పుడుతుంది. అమ్మాయి చదువుకు మీరిచ్చేదే దిక్కు.

పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాస్తే ఎమ్మెస్సీ మ్యాథ్స్‌లో సీటొచ్చింది. టీసీ, మెమోలు అడిగితే ముందు బాకీ కట్టమన్నారు. కాలేజీ వాళ్లనూ ఏమనలేను. 2025 నవంబరులో ఈ బకాయిల కోసమే ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. గడువు దాటింది, సీటు పోయింది. ఇక ఇంట్లో సంబంధాల మాట మొదలైంది. పిల్లను ఖాళీగా ఎన్నాళ్లు ఉంచుతావని మేనత్తలు అడుగుతుంటే, 'చదువుకుంటోంది' అని ఇన్నాళ్లూ అడ్డుపడ్డ నాన్న ఇప్పుడేం చెప్తాడు?

నాకు పెళ్లి చేస్తే కల్యాణలక్ష్మి కింద 1,00,116 రూపాయలు ఆలస్యంగానైనా వస్తాయని ఆయనకు ధైర్యం ఉంది. అంతకన్నా చాలా తక్కువైన నా ఫీజు వస్తుందన్న ధైర్యం లేదు. 2023 ఎన్నికల ముందు చదువుకునే అమ్మాయిలకు ఎలక్ట్రిక్ స్కూటీలిస్తామన్నారు. స్కూటీ లేకపోయినా ఫర్వాలేదు సార్, బస్సు ఉచితంగానే ఉంది. సర్టిఫికెట్లు లేకుండా ఆ బస్సెక్కి ఏ కాలేజీకి వెళ్లాలి?

దయచేసి బకాయిలు విడుదల చేయండి. అన్నీ ఒకేసారి కుదరకపోతే కోర్సు పూర్తయి సర్టిఫికెట్లు ఆగిపోయిన అమ్మాయిలవి ముందు ఇవ్వండి. అదీ కుదరకపోతే సర్టిఫికెట్లు ఆపొద్దని కాలేజీలకు గట్టిగా చెప్పండి, చెప్పింది జరిగేలా చూడండి. నేను మళ్లీ సీపీగెట్ రాస్తాను. కౌన్సెలింగ్ నాటికి నా మెమోలు నాకు ఇప్పించండి సార్.

ఇట్లు,
బీఎస్సీ పూర్తిచేసిన ఒక విద్యార్థిని,
కరీంనగర్ జిల్లా