కోడ్ రాగానే కాయిళ్లు మార్చకండి

సంపాదకుడు గారికి,

పెట్రోలు కారులో ఇంజిన్ లైటు వెలిగి ఆరుతూ ఉంటే మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) గట్టిగా ఉన్నట్టే. అలాగే నడిపితే కాలని పెట్రోలు వెళ్లి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని పాడుచేస్తుంది. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్‌లో పీ0302 కనిపిస్తే తేడా రెండో సిలిండర్‌లో. అయితే కోడ్ చోటు చెబుతుందే తప్ప కారణం చెప్పదు. చాలా షెడ్లలో వెంటనే స్పార్క్ ప్లగ్గులకు కరెంటు ఇచ్చే నాలుగు కాయిళ్లూ మార్చేస్తున్నారు, ఇది అన్యాయం. ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలు (లోపం వచ్చినప్పుడు ఇంజిన్ ఎలా ఉందో కంప్యూటర్ దాచుకున్నవి) రాసుకోవాలి, కోడ్ చెరిపితే అవీ పోతాయి. ఇంజిన్ ఆపి, రెండో కాయిల్‌ను మూడో సిలిండర్‌కు, అక్కడిది ఇక్కడికి బిగించి, కోడ్ చెరిపి నడపాలి. పీ0303, అంటే మూడో సిలిండర్ కోడ్ వస్తే లోపం కాయిల్‌దే. పీ0302 మళ్లీ వస్తే ప్లగ్గులూ అలాగే మార్చి చూడాలి, ఆ తర్వాతే పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు, కంప్రెషన్ (సిలిండర్‌లోని ఒత్తిడి) చూడాలి. కాయిల్ రబ్బరు బూటు లోపల సన్నటి నల్లగీత ఉంటే స్పార్కు పక్కదారి పడుతోందని గుర్తు. బిల్లు మీద కోడ్ నంబరు రాసిమ్మని అడగండి.

– ఒక ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ