ఇసుకలో థర్మామీటర్

ఒరేయ్ అబ్బయా,

ఎట్టున్నావు? ఇంట్లో అందరూ బాగున్నారా? ఫోన్‌లో చెబితే తనివి తీరేది కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఈసారి మా బడి ఎకో క్లబ్ (పిల్లల పర్యావరణ సంఘం) డబ్బు డిసెంబర్‌లోనే పడింది!

బడులకి డబ్బిచ్చే సమగ్ర శిక్ష పథకం నిబంధనల్లో ఈ క్లబ్ కోసం హైస్కూలుకి ఏడాదికి 25,000 దాకా, ప్రాథమిక బడికి 5,000 అని నీకు తెలిసిందే. పోయినేడు మార్చి మూడో వారంలో పడింది. నెలాఖరుకి యూసీ, అదే డబ్బు ఖర్చు పెట్టినట్టు ధ్రువపత్రం, ఇవ్వాలి, ఒకటే టెన్షన్. గబగబా మొక్కలు కొని నాటించాం. మే ఎండలకి ఒక్కటీ నిలవలేదు. సెలవుల తర్వాత పిల్లలు ఆ ఎండుపుల్లల చుట్టూ నిలబడి నా వైపు చూశారు. ఆ చూపులు ఇంకా మర్చిపోలేదురా.

పదో తరగతి అనువంశికత పాఠంలో ఒక వాక్యం ఉంటుంది చూడు, కొన్ని జంతువుల్లో గుడ్డుకి తగిలే వేడిని బట్టి ఆడో మగో తేలుతుందని. చదివేసి ముందుకు పోయేవాణ్ణి. బడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో సముద్రం పెట్టుకుని, ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చి గుడ్లు పెట్టే తీరం పెట్టుకుని! ఇసుక చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ, వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ.

అందుకే ఈసారి పడిన డబ్బుతో నాలుగు థర్మామీటర్లు, ఒక టేపు, రిజిస్టర్లు కొన్నాం. మిగిలింది ఆటో బాడుగకి. అసలు ఖర్చు ఆ బాడుగే. అదే లేక ఇన్నేళ్లూ ఒడ్డు దాకా పోలేకపోయాం. గుడ్ల జోలికి పోలేదులే. అది వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ ఒకటిలో ఉన్న ప్రాణి, గూళ్ల సంగతి ఫారెస్టు వాళ్లు చూసుకుంటారు. మేం వేరే చోట మూరెడు లోతున గుంట తీసి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వేడి కొలిచాం. సరుగుడు నీడలో ఒక గుంట, ఎండలో ఒక గుంట. పైన కాళ్లు కాలుతున్నా అడుగున పొద్దుటికీ మధ్యాహ్నానికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా నీడకీ ఎండకీ మధ్యే. ఆ సంగతి నేను చెప్పకుండానే తొమ్మిదో తరగతి పిల్ల రిజిస్టర్ తిప్పి చూపించింది. నాకు కళ్లు చెమర్చాయి.

ఒకరోజు ఒడ్డున చచ్చిన తాబేలు కనిపించింది. పాలెం పిల్లాడు ఒకడు, "నీళ్లలో ఉండేది నీళ్లలో ఎట్ట చచ్చింది సార్?" అన్నాడు. దానికి మనలాగే ఊపిరితిత్తులని, వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చస్తుందని చెప్పా. అది ఎట్ట చచ్చిందో నాకూ తెలియదని కూడా చెప్పా. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా తాత వలలో పడితే వల కోసైనా వదిలేస్తాడు సార్" అన్నాడు. మర్నాడు ఆ తాతనే వెంటబెట్టుకొచ్చాడు. ఏ నెలలో ఎక్కడెక్కడ ఒడ్డెక్కుతాయో ఆయన చెబుతుంటే పిల్లలు రాసుకున్నారు. ఆ రోజు పాఠం ఆయనదే.

ఇంత చిన్న మొత్తాన్ని మార్చిలో ఎందుకు వేస్తారో నాకు అర్థం కాదు. జూన్‌లో వేస్తే ఏడాది పొడుగునా పాఠమవుతుంది. ఈ మాట మీటింగులో లేచి చెప్పా, మళ్లీ చెబుతా. నువ్వూ చెప్పు.

మీకు కంభం చెరువు ఉంది కదరా. ప్రతి శనివారం నీటిమట్టం, వచ్చిన పిట్టలు రాయించు, ఒక టేపూ ఒక బైనాక్యులరూ చాలు. మీ డబ్బు పడిందా? పడిన రోజే ఫోన్ చెయ్. ఫిబ్రవరిలో రెండు రోజులు సెలవు పెట్టి రా, తెల్లారుజామున ఒడ్డుకి పోదాం.

నీ
స్నేహితుడు