డిజైన్లు ఎక్కడికీ పోలేదు, బావా

అంబాజీపేట,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ బావా,

మధ్యాహ్నం ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది. మానిటర్ మీద ‘నో సిగ్నల్’ అని పడి నల్లగా అయిపోతోందన్నావు. చెల్లెమ్మ రెండేళ్లుగా గీసుకున్న లేసు డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయన్నావు. ఈ వానకి ఫోన్ తెగిపోతూ నేను చెప్పింది నీకు సగం కూడా అందలేదు. వరదకి సఖినేటిపల్లి రేవులో అవతలి గట్టుకి దాటించే పంటు ఆపేశారు, లేకపోతే ఈపాటికి మీ ఇంట్లో ఉండేవాణ్ణి. తెల్లవారుజామున మన కొబ్బరికాయల లారీ చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వెళ్తోంది, అక్కడి నుంచి నరసాపురం వస్తుంది. డ్రైవర్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. పక్కన పెట్టుకుని నిదానంగా చెయ్యి.

ముందు చెల్లెమ్మకి ఒక్క మాట చెప్పు. డిజైన్లు ఎక్కడికీ పోలేదు. అవి ఉండేది హార్డ్ డిస్కులో. తెర మీదకి బొమ్మ రాకపోయినంత మాత్రాన డిస్కుకి ఏమీ అయినట్టు కాదు. రేపు లోపలి భాగాలన్నీ అమర్చే మదర్‌బోర్డే పోయిందనుకో, డిస్కు ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే ఫైళ్లు తీసుకోవచ్చు. డిస్కుకి లాక్ వేసి ఉంటే ఆ కీ ఒక్కటీ కావాలి, అంతే. ఎవరైనా వచ్చి ‘ఫార్మాట్ కొడితే సరిపోతుంది’ అంటే మాత్రం చెయ్యి వెయ్యనివ్వకు. నో సిగ్నల్‌కి ఫార్మాట్ మందు కాదు.

ఇంత ధైర్యంగా ఎందుకు చెబుతున్నానంటే, కిందటి నెల నాకూ ఇదే అయ్యింది. నీకు చెప్పే తీరిక లేకపోయింది.

ఆ సాయంత్రం గాలివాన. కొట్లో కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. మర్నాడు పొద్దున్న ఆన్ చేస్తే సీపీయూ డబ్బాలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ముందు దీపం వెలుగుతోంది, మానిటర్ మాత్రం నో సిగ్నల్. రైతుల దింపు లెక్కలు, ఒలుపు కూలీల బట్వాడా, ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చానో అన్నీ అందులోనే. ఆ రోజు ఇద్దరు రైతులు డబ్బుకి వచ్చి కూర్చున్నారు. నాకు నోట మాట రాలేదు. టౌను నుంచి రిపేరు చేసే అతన్ని పిలిపిస్తే, వచ్చి ఒకసారి ఆన్ చేసి చూసి ‘మదర్‌బోర్డు పోయిందండి, తొమ్మిది వేలు అవుతుంది’ అన్నాడు. మూత కూడా విప్పలేదు. మూత విప్పకుండా బోర్డు పోయిందని ఎలా తెలిసిందన్న అనుమానం నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

ఇక నేనే కూర్చున్నాను. ముందు మానిటర్ సంగతి తేల్చాలి కదా. ఇంట్లో టీవీ సెట్‌టాప్ బాక్సు తెచ్చి అదే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో మానిటర్‌కి పెట్టాను. బొమ్మ శుభ్రంగా వచ్చింది. అంటే మానిటర్ బాగుంది, కేబుల్ బాగుంది, ఆ రెండిటినీ పక్కన పెట్టేశాను. తరవాత కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కి చూశాను. నొక్కినప్పుడల్లా దీపం వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ లోపల పని చేస్తున్నట్టే, బొమ్మ బయటికి వచ్చే దారిలోనే ఏదో అడ్డం ఉన్నట్టు. నాది వెలగలేదు. అంటే కంప్యూటర్ అసలు లేవడమే లేదు. ఫ్యాన్లు తిరగడం చూసి మోసపోకూడదు బావా. ఎస్‌ఎంపీఎస్ అనే కరెంటు ఇచ్చే డబ్బా నుంచి కరెంటు వస్తే ఫ్యాను తిరుగుతుంది, దానికి కంప్యూటర్ మెదడైన ప్రాసెసర్ లేచిందా లేదా అన్నదానితో పని లేదు.

అప్పుడు కూత స్పీకర్ గుర్తొచ్చింది. వేలి గోరంత ఉంటుంది, నాలుగు రంధ్రాల పిన్నుతో బోర్డు మీద ‘స్పీకర్’ అని రాసిన చోట తగిలిస్తారు. ఈమధ్య డబ్బాల్లో వెయ్యడం మానేశారు, ఎందుకు మానేశారో గానీ అదొక్కటి ఉంటే సగం బాధ తప్పుతుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అంటారు కదా. ఎన్నో హెచ్చరికో వింటే చాలు, లంకల్లో వాళ్లకి ఏం సర్దుకోవాలో తెలిసిపోతుంది. ఈ కూతలూ అలాంటివే. ఎన్ని, పొట్టివా పొడుగువా అన్నదాన్ని బట్టి ఏ భాగం దగ్గర ఆగిపోయిందో బోర్డు చెబుతుంది. కంపెనీని బట్టి లెక్క మారుతుంది, బోర్డు పుస్తకంలో చూసుకోవాలి. కొన్ని కొత్త బోర్డుల మీద కూతల బదులు సీపీయూ (అంటే ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (బొమ్మ ఇచ్చే భాగం), బూట్ (డిస్కు) అని నాలుగు చిన్న దీపాలుంటాయి. ఏది వెలిగి అలాగే ఉండిపోతే అక్కడ చూడాలి.

నేను చేసింది చెబుతాను విను. ప్లగ్గు పీకేశాను. కంప్యూటర్ పని చేసేటప్పుడు వాడుకునే జ్ఞాపకం, అదే ర్యామ్, రెండు ముక్కలూ బయటికి తీసేసి, స్పీకర్ తగిలించి, మళ్లీ ప్లగ్గు పెట్టి ఆన్ చేశాను. పొడుగ్గా కూతలు మొదలయ్యాయి, ఒకదాని వెనక ఒకటి. రాత్రి పదకొండు గంటలకి ఆ చప్పుడు విని నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి బావా. ర్యామ్ లేదని మొరపెట్టుకుంటోందంటే బోర్డు బతికే ఉంది, ప్రాసెసర్ బతికే ఉంది! చచ్చిన బోర్డు అరవదు కదా. తొమ్మిది వేల మాట అక్కడితో తేలిపోయింది.

మిగిలింది ర్యామ్, దాని స్లాట్లు. టార్చి వేసి చూస్తే స్లాటులో గోధుమరంగు పొట్టు. మన కొబ్బరి పీచు పొట్టు! కడియం నర్సరీల వాళ్లు కుండీల్లో వేసేది ఈ పొట్టే, నీటిని పట్టి ఉంచుతుందని. ఆ గుణమే ఇక్కడ నా కొంప ముంచింది. కొట్లో గాలి నిండా ఆ పొట్టు ఎగురుతూనే ఉంటుంది, ఫ్యాను దాన్ని లోపలికి లాగుతుంది, వానాకాలం తేమకి అది చెమ్మగిల్లి ర్యామ్ కాళ్ల మధ్య కూర్చుంటుంది. సముద్రం దగ్గర మీకైతే ఉప్పు గాలి కూడా తోడు. బంగారు పూతలా మెరవాల్సిన ర్యామ్ అంచు మసకబారి ఉంది. మెత్తటి బ్రష్షుతో స్లాటు దులిపి, బ్లోయర్ దూరంగా పెట్టి ఊది, ర్యామ్ అంచుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన నూలు గుడ్డతో తుడిచాను. చాలామంది పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. పనిచేస్తుంది గానీ గట్టిగా రుద్దితే ఆ పలచటి పూత లేచిపోతుందని నా భయం, అందుకే నేను చెయ్యను. పూర్తిగా ఆరాక ఒక్క ముక్కే పెట్టాను, రెండు వైపులా క్లిప్పు టక్కున పడేదాకా నొక్కి. ఒక్కటే పెట్టేటప్పుడు చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో పెట్టమంటారు. ఆన్ చేశాను. ఒక్క పొట్టి కూత. తెర మీద కంపెనీ బొమ్మ!

రెండో ముక్క కూడా పెట్టాను, అదీ లేచింది. తేదీ మాత్రం ఎన్నో ఏళ్ల వెనక్కి పోయింది. బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు ఉంటుంది, సీఆర్ 2032 అంటారు, 3 వోల్టులు ఉండాలి. మీటరు పెడితే 2.4 చూపించింది. గడియారాల కొట్లో కొత్తది తెచ్చి వేశాను, ఆ గొడవ అంతటితో సరి.

ఇక నీ సంగతి. నమ్‌లాక్ దీపం వెలిగి ఆరుతోందని చెప్పావు కదా, ఆ మాట విన్నాకే నాకు స్థిమితం వచ్చింది. నీ కంప్యూటర్ లేస్తోంది బావా. పైగా వాన కారుతోందని శుక్రవారమే ముందు గదిలోంచి మేడ మీదకి మార్చామన్నావు. నీకు చెల్లెమ్మ డిజైన్ల కోసం విడిగా వేయించిన గ్రాఫిక్స్ కార్డు ఉంది. సీపీయూ డబ్బా వెనక హెచ్‌డీఎంఐ రంధ్రాలు రెండు చోట్ల ఉంటాయి. పైన కీబోర్డు, మౌస్ పెట్టే దగ్గర నిలువుగా ఉన్నది బోర్డుది. కింద అడ్డంగా విడిగా ఉన్నది కార్డుది. మేడ మీద కేబుళ్లు కలిపేటప్పుడు పైదాంట్లో పెట్టి ఉంటావని నా నమ్మకం. కార్డు ఉన్నప్పుడు మామూలుగా బోర్డు రంధ్రంలోంచి బొమ్మ రాదు. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ అయితే దానికి సొంతంగా బొమ్మ ఇచ్చే శక్తే లేదు. కేబుల్ తీసి కిందదాంట్లో పెట్టు. మానిటర్ బటన్ నొక్కి ఇన్‌పుట్ హెచ్‌డీఎంఐ మీద ఉందో వీజీఏ మీద ఉందో కూడా చూడు. మోసేటప్పుడు ఆ బటన్ మీద చెయ్యి పడి మారిపోతూ ఉంటుంది.

అప్పటికీ రాకపోతే మూత విప్పు. విప్పేముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు పూర్తిగా పీకి, పవర్ బటన్ ఇరవై సెకన్లు నొక్కి పట్టుకో. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. కాళ్లకి పొడి చెప్పులు వేసుకో, తడి నేల మీద నిలబడకు. డబ్బా ఇనుముని ఒకసారి ముట్టుకుని అప్పుడు చెయ్యి పెట్టు. మోసేటప్పుడు కార్డు ఒక పక్కకి లేచి ఉంటుంది, స్క్రూ తీసి కార్డు బయటికి తీసి మళ్లీ తిన్నగా నొక్కు. కార్డుకి ఎస్‌ఎంపీఎస్ నుంచి ఆరు పిన్నులదో ఎనిమిది పిన్నులదో వైరు వస్తుంటే అది బిగుతుగా ఉందో లేదో చూడు. ప్రాసెసర్ పక్కన మూలలో ఇంకో వైరు ఉంటుంది, నాలుగో ఎనిమిదో పిన్నులు. అది ఊడినా ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, బొమ్మ రాదు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకు. ప్లగ్గు పీకినా దాని లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

ఒకసారికి ఒక్కటే మార్చు బావా, మార్చి ఆన్ చేసి చూడు. నాలుగూ కలిపి కదిపితే ఏది కుదిరిందో తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు మొదటికొస్తాం. ర్యామ్ జోలికి వెళ్తే ఇంకో సంగతి. నీ ర్యామ్ డీడీఆర్ 5 రకం అన్నట్టు గుర్తు. వాటిని తీసి పెట్టాక మొదటిసారి తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు, ర్యామ్‌ని బోర్డు సరిచూసుకుంటూ ఉంటుంది. కంగారుపడి మధ్యలో ఆపెయ్యకు. పది నిమిషాలు ఆగు, ఈలోగా చెల్లెమ్మ చేత టీ పెట్టించుకుని తాగు.

లేచిన వెంటనే డిజైన్లు ఒక పెన్ డ్రైవ్‌లోకి, ఇంకో డిస్కులోకి కాపీ చెయ్యండి. నేనూ చేశాను. మా దింపు లెక్కలు ఇప్పుడు ఇంట్లో ఒకటి, కొట్లో ఒకటి ఉంటున్నాయి. సీపీయూ డబ్బాని కొట్లోంచి తీసి పీచు రాని గదిలోకి, నేల మీద నుంచి బల్ల మీదకి మార్చేశాను. యూపీఎస్ కూడా పెట్టించాను.

ఉత్తరంతో పాటు ఒక కాగితం పొట్లంలో నా కూత స్పీకర్, కొత్త సెల్లు ఒకటి పంపుతున్నాను. డ్రైవర్ దగ్గర అడిగి తీసుకో, స్పీకర్ చాలా చిన్నది, పొట్లం విప్పేటప్పుడు జారిపోగలదు. అత్తయ్యగారికి నా నమస్కారాలు. సాయంత్రం ఏడింటికి ఫోన్ చేస్తాను. ఈలోగా బొమ్మ వస్తే నువ్వే చెయ్యి, ఒక్క రింగు ఇచ్చినా చాలు.

నీ బావ