ఊరి పన్ను ఊరి చేతికి రావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

2025 డిసెంబరులో మూడు విడతలుగా జరిగిన ఎన్నికలతో తెలంగాణ పల్లెల్లో ఎన్నికైన పాలకవర్గాలు లేక దాదాపు రెండేళ్లు సాగిన ప్రత్యేకాధికారుల పాలన ముగిసింది. కొత్త సర్పంచులు, వార్డు సభ్యులు ప్రమాణం చేసి బాధ్యతలు తీసుకున్నారు. వీరిలో చాలామంది యువకులు, మొదటిసారి గెలిచినవారు, ఊరికి ఏదో ఒకటి చేయాలన్న పట్టుదలతో ఉన్నవారు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో పంచాయతీ కార్యదర్శిగా చాలా ఏళ్లు పనిచేసి 2023లో పదవీ విరమణ చేసిన నేను, వారి చేతికి ఎంత పని వచ్చింది, ఎంత డబ్బు వచ్చింది అన్న విషయాన్ని మీ పత్రిక ద్వారా పాఠకుల ముందు, శాసనసభ్యుల ముందు ఉంచాలనుకుంటున్నాను.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం మంచి ఉద్దేశంతోనే వచ్చింది. 500 జనాభా దాటిన తండాలు, గూడేలు పంచాయతీలు కావడం, మొత్తం సంఖ్య 12,751కి చేరడం చిన్న విషయం కాదు. తరతరాలుగా పక్క ఊరి పెత్తనం కింద ఉన్న లంబాడీ, గోండు కుటుంబాలు తమ సర్పంచిని తామే ఎన్నుకున్న రోజు నాకు ఇప్పటికీ గుర్తే. అయితే ఆ చట్టాన్ని ఆసాంతం చదివితే, సర్పంచి చేయవలసిన పనులు, చేయకపోతే పడే శిక్షలు ఎంత వివరంగా ఉన్నాయో, ఆ పనులకు డబ్బు ఎప్పుడు, ఎలా చేతికి రావాలన్నది అంత గట్టిగా లేదని అర్థమవుతుంది. రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలి. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. తేడా వస్తే సర్పంచిని సస్పెండు చేసే అధికారం కలెక్టరుకు ఉంది. పల్లెల బాగు కోసం ప్రభుత్వం పెట్టిన పల్లె ప్రగతి కార్యక్రమం రోజుల్లో దీనికి తోడు ట్రాక్టరు కొనాలి, నర్సరీ పెంచాలి, డంపింగ్ యార్డు కట్టాలి, వైకుంఠధామం (శ్మశానవాటిక) పూర్తి చేయాలి అన్నారు. మూడు వందల ఇళ్లున్న తండాకైనా, మూడు వేల ఇళ్లున్న మేజరు పంచాయతీకైనా ఒకే ట్రాక్టరు, ఒకే బ్యాంకు కిస్తీ.

నిజానికి అప్పట్లో నెలకు 339 కోట్ల రూపాయలు పంచాయతీలకు విడుదల చేస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది, కొన్నాళ్లు విడుదల చేసింది కూడా. ఆ నెలల్లో ఊళ్లు ఎంత శుభ్రంగా ఉన్నాయో చూసినవాణ్ని కాబట్టి, డబ్బు వేళకు వస్తే పంచాయతీ ఏమి చేయగలదో నేను ధైర్యంగా చెప్పగలను. తరువాత అది తగ్గింది, ఆలస్యమైంది. పారిశుద్ధ్యం వంటి పంచాయతీ పనులు చేసే మల్టీపర్పస్ కార్మికులకు నెలకు 8,500 రూపాయల జీతం, ట్రాక్టరు కిస్తీ, డీజిలు, కరెంటు బిల్లు మాత్రం నెల నెలా వచ్చాయి.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది పైనుంచి వచ్చే గ్రాంటుల గురించి కాదు. ఊరివాళ్లు తమ చేత్తో కట్టే ఇంటిపన్ను గురించి.

ఫిబ్రవరి, మార్చి నెలలు వచ్చాయంటే ఎవరెంత పన్ను కట్టాలో రాసిన డిమాండు రిజిస్టరు, రసీదు పుస్తకాలు చంకన పెట్టుకొని, పన్ను వసూళ్లలో తోడుండే పంచాయతీ ఉద్యోగి కారోబారును వెంట తీసుకొని ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. ఒక ఏడాది ఎస్సీ వాడ చివరి ఇంట్లో ఉండే ఒక వృద్ధురాలు, ఆసరా పింఛను డబ్బులోంచి కొంగుముడి విప్పి మూడు వంద నోట్లు, కొంత చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. రసీదు తీసుకొని మడిచి చూరులో దోపింది. తరువాత, "పైసలు తీస్కపోతున్నవ్ గని సారూ, మా వాడల బుగ్గ ఎప్పుడేస్తవు?" అని అడిగింది. ఆ వాడలో స్తంభానికి బల్బు పోయి అప్పటికి రెండు నెలలు దాటింది. వారంలో వేయిస్తానని చెప్పాను.

ఆ డబ్బును నిబంధన ప్రకారం చలానా తీసి ట్రెజరీలో జమ చేశాం. బల్బులకు, వైరుకు తీర్మానం రాశాం, బిల్లు పెట్టాం, సర్పంచి, ఉపసర్పంచి ఇద్దరూ చెక్కు మీద సంతకాలు చేశారు. చెక్కు ఎస్టీఓ (సబ్ ట్రెజరీ అధికారి) ఆఫీసుకు వెళ్లింది. "ఫ్రీజింగ్ ఉంది, పై నుంచి క్లియరెన్సు రావాలి" అన్నారు. అంటే ట్రెజరీ నుంచి చెల్లింపులను ప్రభుత్వం ఆపి ఉంచిందన్నమాట. వారం గడిచింది, నెల గడిచింది, ఆర్థిక సంవత్సరం మారింది. మండల కేంద్రంలోని ఎలక్ట్రికల్ దుకాణదారు మా మొహం చూసి బల్బులు అరువిచ్చాడు కాబట్టి ఆ వాడకు వెలుగు వచ్చింది. అదే వేసవిలో మంచినీటి బోరు మోటారు కాలిపోతే, రీవైండింగుకు డబ్బు లేక సర్పంచి తన భార్య గొలుసు బ్యాంకులో కుదువ పెట్టాడు. పంచాయతీ ఖాతాలో డబ్బు లేక కాదు. ఖాతా పుస్తకంలో నిల్వ కనిపిస్తూనే ఉంది. ఆ సర్పంచి పదవీకాలం ముగిసేనాటికి కూడా అందులో కొన్ని చెక్కులు పాసు కాలేదు. అప్పు తెచ్చి పనులు చేయించి, బిల్లులు రాక కుంగిపోయిన సర్పంచుల కథలు మీ పత్రికలోనే ఎన్నోసార్లు వచ్చాయి. ఊరి పని చేయడానికి ఇంటి ఇల్లాలి మెడలోని బంగారం కుదువకు వెళ్లవలసి వచ్చిన వ్యవస్థను స్థానిక స్వపరిపాలన అని ఎలా పిలవగలం?

ఇక్కడ ఒక వైపరీత్యం పాఠకులు గమనించాలి. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం సిఫార్సు చేసిన గ్రాంటును కేంద్రం విడుదల చేశాక పది పనిదినాల్లోగా రాష్ట్రం స్థానిక సంస్థలకు బదిలీ చేయాలి. ఆలస్యమైతే ఆ రోజులకు వడ్డీ కలిపి ఇవ్వాలి. ఆ గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం వంటి పనులకే వాడాలన్న షరతు ఉన్నా, 40 శాతాన్ని ఊరు తన అవసరాన్ని బట్టి ఖర్చు చేసుకోవచ్చు. అంటే ఢిల్లీ నుంచి వచ్చే డబ్బుకు గడువు ఉంది, ఆలస్యానికి జరిమానా వంటి వడ్డీ ఉంది. పింఛను ముసలమ్మ కొంగుముడి విప్పి కట్టిన పన్నుకు మాత్రం అలాంటి రక్షణ ఏదీ లేదు. రాజ్యాంగంలోని 243-హెచ్ అధికరణ పంచాయతీలకు పన్నులు వేసి, వసూలు చేసి, ఖర్చు చేసుకొనే అధికారాన్ని శాసనసభ చట్టం ద్వారా ఇవ్వవచ్చునంటుంది. వేయడం, వసూలు చేయడం వరకు మన చట్టం ఇచ్చింది. ఖర్చు దగ్గరికి వచ్చేసరికి తాళం వేరొకరి చేతిలో ఉంది.

గత రెండేళ్ల అనుభవం ఈ గాయాన్ని మరింత లోతు చేసింది. 2019 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల కాలం 2024 జనవరి 31తో ముగిసింది. ఐదేళ్ల గడువు ముగిసేలోగా ఎన్నిక జరగాలని 243-ఇ అధికరణ స్పష్టంగా చెబుతున్నా, 2025 జూన్‌లో హైకోర్టు సెప్టెంబరు 30లోగా ఎన్నికలు జరపాలని ఆదేశించేదాకా విషయం వెళ్లింది. ఈ ఆలస్యానికి ఒక కారణమైన, వెనుకబడిన తరగతుల వారికి 42 శాతం రిజర్వేషన్లు సాధించాలన్న ప్రయత్నాన్ని నేను తప్పుపట్టను, ఆ కోరిక న్యాయమైనదే. కానీ ఆ కసరత్తు పాలకవర్గాల గడువు తీరకముందే మొదలై ఉండవలసింది. ఎన్నికైన పాలకవర్గం లేని కాలానికి కేంద్ర గ్రాంటులు నిలిచిపోయాయి. ప్రత్యేకాధికారులకు తమ సొంత శాఖ పని ఉండనే ఉంది. భారమంతా కార్యదర్శుల మీద పడింది. నా దగ్గర పని నేర్చుకున్న ఒక జూనియర్ కార్యదర్శి, ట్రాక్టరు డీజిలుకు, బ్లీచింగ్ పౌడరుకు తన జీతంలోంచి ఖర్చు పెట్టిన లెక్కను చిన్న నోటు పుస్తకంలో రాసుకొని నాకు చూపించినప్పుడు ఏమి సమాధానం చెప్పాలో తోచలేదు.

ఇది ఒక్క తెలంగాణ సంగతీ కాదు, ఒక్క పార్టీ తప్పూ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఆర్థిక సంఘం నిధులను విద్యుత్తు బకాయిల కింద సర్దుబాటు చేసినప్పుడు, ఖాతాలు ఖాళీ అయిన సంగతి తెలిసి సర్పంచులు రోడ్డెక్కారు. బకాయి కట్టవలసిందే కావచ్చు. కానీ ఏ బకాయి ముందు కట్టాలో, ఏది వాయిదాలలో కట్టాలో తేల్చుకొనే హక్కు ఎన్నికైన పాలకవర్గానికి లేకపోతే తీర్మానాల పుస్తకం ఎందుకు?

సర్పంచుల చేతికి డబ్బు నేరుగా ఇస్తే దుర్వినియోగం అవుతుందన్న వాదన నేను ఉద్యోగంలో ఉన్నన్ని రోజులూ విన్నాను. అక్రమాలు జరగలేదని అనను, నా కళ్లతో చూశాను కూడా. వాటిని పట్టుకోవడానికి ఆడిట్ ఉంది, ఈ-గ్రామ్ స్వరాజ్‌లో ఆన్‌లైన్ లెక్కలు ఉన్నాయి, రికవరీ ఉంది, అన్నిటికీ మించి గ్రామసభ ఉంది. ఫ్రీజింగ్ వల్ల దొంగ బిల్లు, నిజమైన బిల్లు రెండూ ఒకేలా ఆగిపోతాయి. పైగా పైరవీ తెలిసినవాడి చెక్కు ముందు కదులుతుంది, తెలియనివాడిది కిందే ఉండిపోతుంది. అవినీతికి అడ్డు వేయవలసిన ఏర్పాటే దానికి కొత్త తలుపు తెరుస్తోంది. రాష్ట్ర ఖజానా ఇబ్బందుల్లో ఉందన్న మరో వాదన గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2025–26లో 3,04,965 కోట్ల రూపాయల బడ్జెట్ పెట్టిన రాష్ట్రానికి ఊళ్ల ఇంటిపన్ను ఆపి గట్టెక్కవలసిన అగత్యం ఉండకూడదు. అసలు ఆ డబ్బు రాష్ట్రానిది కాదు.

కేరళలో ఏ పంచాయతీకి ఆ ఏడాది ఎంత ఇస్తారన్నది పేరుపేరునా రాష్ట్ర బడ్జెట్ పత్రాలతో పాటు అనుబంధంగా అచ్చవుతుంది. అక్కడి పంచాయతీ అధ్యక్షుడు ఏప్రిల్‌లోనే తన పని ప్రణాళిక వేసుకోగలడు. 1959 అక్టోబరులో నెహ్రూ గారు స్వయంగా వచ్చి పంచాయతీరాజ్‌కు శ్రీకారం చుట్టిన షాద్‌నగర్ మన గడ్డ మీదే ఉంది. రాజస్థాన్‌లోని నాగౌర్ తరువాత దేశంలో రెండో అడుగు మనదే. అంత ముందు నడిచిన నేల ఈ ఒక్క విషయంలో వెనుకబడి ఉండవలసిన పనిలేదు.

శాసనసభను నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు, 2018 చట్టానికి ఒక చిన్న సవరణ. పంచాయతీ సొంత పన్నులు, ఫీజుల ద్వారా వచ్చిన ఆదాయం పంచాయతీ పేరిట ఉన్న బ్యాంకు ఖాతాలోనే ఉండాలి. దాని మీద చెల్లింపులను ప్రభుత్వం గాని, ట్రెజరీ గాని ఏ ఉత్తర్వుతోనూ నిలిపివేయరాదని చట్టంలోనే రాయాలి. రాష్ట్రం వసూలు చేసే స్టాంపు డ్యూటీ, సీనరేజి (ఖనిజాల తవ్వకంపై రుసుము) వంటి వాటిలో పంచాయతీకి రావలసిన వాటాలకు గడువు పెట్టి, దాటితే ఆర్థిక సంఘం గ్రాంటుల మాదిరిగానే వడ్డీ చెల్లించాలని చేర్చాలి. జీవోలతో ఇచ్చింది జీవోలతోనే పోతుందన్నది నా ఉద్యోగ జీవితం నేర్పిన పాఠం కాబట్టి, ఇది చట్టంలోనే ఉండాలని గట్టిగా కోరుతున్నాను.

రాబోయే గ్రామసభలో ఈ మేరకు తీర్మానం పెట్టమని మా ఊరి కొత్త సర్పంచిని అడిగాను. ఆమె ఒప్పుకున్నారు, ముసాయిదా రాసి ఇవ్వమన్నారు. నిన్న రాసి ఇచ్చాను. గ్రామసభ ఆమోదించిన వెంటనే దాని నకళ్లను మా నియోజకవర్గ శాసనసభ్యునికి, పంచాయతీరాజ్ శాఖ మంత్రి గారికి పంపుతాం. ఈ లేఖ చదివిన ఇతర గ్రామాలవారు కూడా తమ గ్రామసభల్లో ఇటువంటి తీర్మానం చేయదలిస్తే, మా ముసాయిదాను వాడుకోవడానికి మాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత పంచాయతీ కార్యదర్శి,
కరీంనగర్ జిల్లా