జావతో నెట్టుకురమ్మంటే ఎలా?

సంపాదకులకు,

క్యాన్సర్‌కు కీమో మందు ఎక్కించుకుని ఇంటికొచ్చిన మనిషికి మన ఇళ్లలో ముందు మొదలయ్యేది పథ్యం. గుడ్డు వేడి, పెరుగు నెమ్ము, పప్పు వాతం, తీపి తింటే గడ్డ పెరుగుతుంది! ఇవన్నీ తీసేశాక మిగిలేవి రాగిజావ, బత్తాయి రసం. జిల్లాల నుంచి హైదరాబాద్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఎంఎన్‌జేకి వచ్చేవాళ్ల దగ్గరే కాదు, జూబ్లీహిల్స్ ఇళ్లలోనూ ఇదే తంతు.

చికిత్సలో ఉన్నవారికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 50 కిలోల మనిషికి కనీసం 60 గ్రాములన్నమాట. గ్లాసు జావలో పడే 30 గ్రాముల రాగిపిండిలో ఉండేది రెండు గ్రాములే. అదే జావ పాలతో కాచి, దించాక రెండు పెద్ద చెంచాల పాలపొడి కలిపితే 12 దాకా వస్తుంది. రెండు గుడ్లు తింటే ఇంకో 12. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

ఇక వాంతులు. చాలాసార్లు కడుపులో తిప్పేది తాలింపు వాసనకే. పోపు పెట్టేటప్పుడు రోగిని వంటగదికి దూరంగా ఉంచండి. వాంతుల మాత్ర తిండికి అరగంట ముందు వేయాలి. చల్లారిన ఇడ్లీ, పెరుగన్నం లాంటివి రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు పెడితే చాలు. ప్రేమకొద్దీ కీమో రోజున ఇష్టమైన కూర వండకండి. వాంతయిందంటే ఆ కూర పేరెత్తితేనే ఏవగింపు పుడుతుంది.

వాంతులకిచ్చే ఒండాన్‌సెట్రాన్‌తో మలబద్ధకం వస్తుంది. దానికి ఇసబ్‌గోల్ వేసుకుని నీళ్లు తాగకపోతే ఇంకా బిగుసుకుపోతుంది.

విరేచనాల సంగతి వేరు. ఇరినోటెకాన్, కాపెసిటాబిన్ వంటి కీమో మందులతోనూ, పొత్తికడుపు రేడియేషన్ రెండు మూడు వారాలు నడిచాకా పేగు లోపలి పొర దెబ్బతింటుంది. దాంతో పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరగదు. అప్పుడు పైన చెప్పిన పాలజావ ఆపేసి మజ్జిగన్నం, అరటిపండు, ఉడికిన గుడ్డు ఇవ్వాలి. ఆకుకూరలు, పొట్టు పప్పులు కొన్నాళ్లు వద్దు. ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్టు మీద రాసిన కొలత ప్రకారమే నీళ్లలో కలపాలి. ఆ పేరుతో డబ్బాల్లో అమ్ముతున్న తీపి పానీయాల మీద మన నగరం పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాటికి ఆ పేరు వాడొద్దంది. అలాంటి చక్కెర నీళ్లతో విరేచనాలు ఎక్కువవుతాయి. రోజుకు మామూలు కంటే మరో నాలుగుసార్లు ఎక్కువ వెళ్లినా, నెత్తురు పడినా, జ్వరం 100.4 దాటినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. డాక్టరును అడగకుండా మందుల షాపు మాత్ర మింగొద్దు.

నోటిపూతకు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకు ఐదారుసార్లు పుక్కిలించి ఉమ్మాలి. కొన్ని కీమో మందులు ఎక్కించేటప్పుడు ఐసుముక్క చప్పరించడం మంచిదే. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకున్నవాళ్లు మాత్రం చల్లనిదేదీ ముట్టకూడదు, గొంతు పట్టేసినట్టవుతుంది.

కీమో మోతాదు చాలావరకు ఎత్తు, బరువులను బట్టే కడతారు. ప్రతి సైకిల్‌కీ, అంటే కీమో ఎక్కించే ప్రతి విడతకీ, బరువు రాస్తారు కూడా. పోయినసారి కంటే రెండు కిలోలు తగ్గినట్టు కనబడితే ఆ కాగితంతోనే డైటీషియన్ దగ్గరికి పంపాలి. డిశ్చార్జి చీటీలో ‘మెత్తటి ఆహారం’ అన్న రెండు మాటల బదులు ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో తెలుగులో, ఉర్దూలో రాసివ్వాలి. నగరంలోని ఆస్పత్రులకు మా విన్నపం ఇదే.

- క్యాన్సర్ రోగుల డైటీషియన్లు, హైదరాబాద్